మూలనున్నది మూలగదా మరి!

మన ఇళ్ళల్లో మూలకూ మూలుగుకూ ఏదో చుట్టరికం వుంది. మూలన పెట్టిన వస్తువు ఏదైనా సరే, బయటికి తీసిన మొదటిరోజు మూలగక మానదు. చలికాలమంతా ఆగిపోయిన ఫ్యాను శివరాత్రి వెళ్ళాక స్విచ్చి వేస్తే కిర్రుమంటుంది. ఏడాదికోసారి దిండు గలేబులు కుట్టడానికి మూత తీసిన కుట్టుమిషను చక్రం తిరగనని మొండికేస్తుంది. పెరట్లో వాడకం మానేసిన చేతిపంపు ఎంత కొట్టినా వొట్టి గాలినే కక్కుతుంది. పైనించి చెంబెడు నీళ్ళు పోసి కొడితే గాని నీళ్ళందుకోదు. అందులోనూ మొదటి బిందె తుప్పురంగులోనే వస్తుంది. మనం మాత్రం ఆ మొదటి చప్పుడు వినీ వినగానే తీర్పు చెప్పేస్తాం. "ఇంకేముందండీ, పాడైపోయింది!"

పాడైపోయిందా, మనం పాడుపెట్టామా అన్నదే నా సందేహం.

ఈ సందేహానికి కారును మించిన సాక్షి నాకు దొరకలేదు. "ఇంజన్లూ అవీ మగవాళ్ళ గొడవ, మనకెందుకులే" అని పేజీ తిప్పెయ్యకండి. మా తెనాలిలో ఏ వీధిలోకి వెళ్ళినా ముసుగుతన్ని పడుకున్న కారు ఒక్కటైనా కనిపిస్తుంది. అబ్బాయి అమెరికాలో, అమ్మాయి హైదరాబాదులో. వాళ్ళు వచ్చినప్పుడు తిరగడానికి వుంటుందని కొన్నారు. వాళ్ళు రెండేళ్ళకోసారి వస్తారు, పదిరోజులు తిరుగుతారు, మళ్ళీ ముసుగు కప్పి విమానం ఎక్కుతారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక అయితే రోజూ తిరిగే కార్లు కూడా ఇలాగే ముసుగేసుకున్నాయి. తర్వాత ఆ ముసుగులు తీసి తాళం తిప్పిన రోజున వీధి వీధంతా టకటకలూ, కీచుకీచులూ, దగ్గులూను. మాటలు మరిచిపోయిన ముసలాళ్ళందరూ ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టుంది.

అసలు ఆ చప్పుడేమిటో నేను కాస్త శ్రద్ధగా అడిగి తెలుసుకున్నాను. ఇంజను ఆగిపోయాక లోపలున్న నూనె మెల్లమెల్లగా జారి అడుగుకు చేరుతుంది. అడుగున దానికో తొట్టె వుంటుంది, మెకానిక్కులు చాంబరంటారు. నెలల తరబడి ఆగిపోతే పైభాగాలకు పల్చటి పొర తప్ప మిగతా నూనెంతా ఆ తొట్టెలోనే. మనం తాళం తిప్పగానే లోపలి ఇనుప ముక్కలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. నూనె మాత్రం అంత తొందరగా రాలేదు. పంపు దాన్ని కింద నించి తోడి పైకి పంపాలి. అందుకు కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కొన్ని సెకన్లపాటు పైనున్న భాగాలు పొడిపొడిగా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. మనం వినే టకటక అదే. ట్యాపెట్ల చప్పుడంటారు. నూనె చేరగానే చప్పుడు దానంతటదే తగ్గుతుంది. ఆ లోపల తొందరపడి ఎక్సలేటర్ తొక్కితే మాత్రం పొడి ఇనుముతో పొడి ఇనుమును రాచినట్టే. చప్పుడు తగ్గించాలని మనం చేసే పనే ఇంజనును అరగదీస్తుంది.

ఆవకాయ పెట్టిన చేతులకు ఈ సంగతి ఇంతగా చెప్పక్కర్లేదు. కలిపిన మూడోనాడు జాడీ మూత తీసి నూనె పైకి తేలిందా లేదా అని చూసుకుంటాం. తేలకపోతే ఇంకాస్త పోస్తాం. అంతేగాని రెండోపూటే వేలు ముంచి నాలిక్కి రాసుకుని "ఈ ఏడాది ఆవకాయ చెడింది" అనం. ఆవకాయకు నూనె పైకి తేలితేనే నిలవ, ఇంజనుకు నూనె పైకి ఎక్కితేనే నడక. జాడీ ముందు చూపించే వోర్పు బానెట్ ముందు చూపించలేమా?

ఇంకో సంగతి. కారును కదలకుండా వుంచితే దానికేమీ కాదని అనుకుంటాం. "ఊరికేగా వుంది, ఏమవుతుంది?" అంటాం. ఊరికే వుండటంలోనే బోలెడు జరుగుతుంది. బ్యాటరీ తనలో తానే నీరసించిపోతుంది. ట్యాంకులో పెట్రోలు పాతబడి, తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి, జిగురు మిగులుతుంది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాలు కలుపుతున్నారు, అది తేమను పీల్చుకునే రకం. ఒకే చోట బరువంతా మోసిన టైర్లు ఆ చోట అణిగిపోతాయి. ఎలకలు వైర్ల తొడుగులు కొరికి కాపురం పెడతాయి. ఇక మన బాపట్ల, రేపల్లె వైపు ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. కిటికీ చువ్వలకు రంగు వేసి వేసి విసిగిపోయిన వాళ్ళమే అందరమూ. ఆ గాలికి బ్రేకు డిస్కుల మీద చూస్తుండగానే నారింజరంగు తుప్పు పొర కడుతుంది. మనం ప్రేమగా కప్పిన ముసుగు దుమ్మును ఆపుతుంది, నిజమే. కానీ లోపలి తేమను కూడా బయటికి పోనివ్వదు.

పట్టుచీర వున్న ప్రతి ఇల్లాలికీ ఇందులో కిటుకు తెలుసు. చీరను బీరువాలో పెట్టి తాళం వేసేస్తే భద్రంగా వున్నట్టు కాదు. మూణ్ణెల్లకోసారి తీసి, గాలికి వేసి, మడత మార్చి పెట్టాలి. లేకపోతే ఎన్నడూ కట్టని చీర మడత దగ్గరే చిరుగుతుంది. కట్టి చింపుకున్న చీరకు కనీసం ఓ పెళ్ళి జ్ఞాపకమైనా మిగులుతుంది. మడతలో చిరిగిన చీరకు ఏం మిగులుతుంది చెప్పండి? దాచడం వేరు, చూసుకోవడం వేరు. మన మధ్యతరగతి వాళ్ళం ఈ రెంటినీ ఒకటే అనుకుని సగం జీవితం వెళ్ళదీస్తాం.

అంబాసిడర్ల రోజుల్లో పాత డ్రైవర్లకు ఈ మర్యాద బాగా తెలుసు. చాలారోజులు ఆగిన బండికి ముందు హ్యాండిలు దూర్చి, స్విచ్చి వెయ్యకుండానే నాలుగు చుట్లు తిప్పేవాళ్ళు. బిగుసుకున్నది సడలాలి, నూనె కాస్త కదలాలి. ఆ తర్వాతే స్విచ్చి. హ్యాండిలు పట్టుకోవడంలో కూడా ఓ పద్ధతి వుండేది. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే వుంచుకోవాలి, చుట్టూ తిప్పి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తన్నిందంటే మణికట్టు విరుగుతుంది మరి. ఎన్నాళ్ళుగానో నిద్రపోతున్నదాన్ని లేపేటప్పుడు అది ఓ తన్ను తన్నినా తన్నవచ్చునని ముందే అనుకుని, కోపం తెచ్చుకోకుండా చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం కూడా ఒక విద్యే. అంబాసిడరూ, మారుతీ 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పటి కార్లకు హ్యాండిలు పెట్టే చోటే లేదు. నూనె కిందికి జారడం మాత్రం మారలేదు.

ఇక మా పిన్ని సంగతి చెబుతాను. ఆవిడ పుట్టిల్లు రేపల్లె, మెట్టినిల్లు బాపట్ల. బాబాయి 2019లో పోయారు. ఆయన ముచ్చటపడి కొనుక్కున్న మారుతీ 800 అప్పటినించీ పెరట్లో షెడ్డులోనే వుండిపోయింది. పెద్దవాడు హైదరాబాదు నించీ, చిన్నవాడు అమెరికా నించీ ఆదివారం ఆదివారం ఫోను చేసేవాళ్ళు. "అమ్మా, బాగున్నావా? మందులు వేసుకుంటున్నావా? కారు ఒక్క అయిదు నిమిషాలు స్టార్ట్ చేయించు, లేకపోతే పాడైపోతుంది." పిన్ని పక్కింటి కుర్రాడి చేత అలాగే చేయించేది. కారూ స్టార్టయ్యేది, ఫోనూ మోగేది, అయిదు నిమిషాల్లో రెండూ ఆగిపోయేవి. కొన్నాళ్ళకు కారు తీసుకోవడం మానేసింది. పిన్ని కూడా "ఆఁ, బాగానే వున్నాను" అన్న మాటకు మించి మాట్లాడటం మానేసింది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా కేంద్రమైంది. ఊళ్ళో స్థలాలకు గిరాకీ పెరుగుతుందని అందరూ లెక్కలు వేస్తున్న రోజులు. ఆ మే నెలలో మా తమ్ముళ్ళిద్దరూ కుటుంబాలతో వచ్చారు, నేనూ తెనాలి నించి వెళ్ళాను. కారు అమ్మెయ్యాలని నిశ్చయించి మెకానిక్కును పిలిపించారు. పెద్దాయన. ముందు షెడ్డు తలుపులు బార్లా తెరిపించాడు. మూసిన షెడ్డులో బండి స్టార్ట్ చెయ్యకూడదు, ఆ పొగలో వాసన తెలియని విషం వుంటుంది అన్నాడు. బానెట్ ఎత్తి ఎలకల గూడు తీశాడు. నూనె చూశాడు, పాత పెట్రోలు దింపాడు, కొత్త బ్యాటరీ బిగించాడు. సెల్ఫ్ కొడితే ఆ బండి చేసిన చప్పుడు వినాలి! మా చిన్న తమ్ముడు చెవులు మూసుకుని, "దీని పని అయిపోయింది, పాత ఇనుముకి వేసేద్దాం" అంటూ లోపలికి వంగి ఎక్సలేటర్ తొక్కబోయాడు.

"తొక్కమాకండి బాబూ," అన్నాడు మేస్త్రీ. "నూనె పైకి ఎక్కనియ్యండి."

అందరం నిలబడ్డాం. ఓ అరనిమిషం గడిచిందేమో. టకటక సన్నగిల్లి, తగ్గి, బాబాయి రోజుల్లో వుండే మామూలు గురగురలోకి దిగింది. వారం వారం అయిదు నిమిషాలు తిప్పుతూనే వున్నాం గదా, ఎందుకిలా అయిందని పిన్ని అడిగింది. "అదేనమ్మా చెడగొట్టింది," అన్నాడాయన. స్టార్ట్ చెయ్యడానికి బ్యాటరీ ఖర్చుపెట్టిన బలం అయిదు నిమిషాల్లో తిరిగి రాదట. ఇంజను వేడెక్కక ముందే ఆపేస్తే లోపల పట్టిన చెమ్మ ఆరదు, సైలెన్సరులోనూ నూనెలోనూ వుండిపోతుంది. తిప్పితే రోడ్డు మీద అరగంటైనా నడపాలి, లేదా బ్యాటరీ వైరు పీకేసి హాయిగా పడుకోనివ్వాలి. లేపీ లేపనట్టు లేపడం మాత్రం మంచిది కాదన్నాడు.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటి మాట వచ్చింది. మంచి ధర వస్తే ఇల్లు అమ్మేద్దామనీ, అమ్మ ఆర్నెల్లు ఇక్కడా ఆర్నెల్లు అక్కడా వుంటుందనీ తమ్ముళ్ళిద్దరూ చకచకా మాట్లాడేసుకుంటున్నారు. తమలపాకులు తుడుచుకుంటున్న పిన్ని వున్నట్టుండి, "నన్నెవరైనా అడిగార్రా?" అంది. ఆ గొంతు పిన్నిది కాదు. బొంగురుగా, పెద్దగా, కటువుగా వుంది. మూడేళ్ళలో ఆవిడ అంత గట్టిగా మాట్లాడింది లేదు. వెంటనే పాత కోపాలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎవరు ఏ పండక్కి రాలేదో, ఎవరు ఫోను మధ్యలో పెట్టేశారో, అసలు సంగతికి సంబంధం లేనివన్నీ. మా పెద్ద తమ్ముడు బిత్తరపోయి, "అమ్మకి ఏదో అయింది, డాక్టరుకి చూపించాలి," అన్నాడు. చిన్నవాడు, "ఇప్పుడేమన్నామని అంత అరుస్తావమ్మా?" అని తనూ గొంతు పెంచాడు.

అప్పుడు మా చిన్న మరదలు మొగుడి వైపు చూసి నెమ్మదిగా, "మీరు కాసేపు ఎక్సలేటర్ తొక్కకండి," అంది. అని, పిన్ని పక్కన కూర్చుని తమలపాకుల పళ్ళెం తన వొళ్ళోకి తీసుకుంది. తనూ ఆకులు తుడుస్తూ కూర్చుంది. ఏమీ అడగలేదు.

ఎంతసేపో కాదు. పిన్ని గొంతు దానంతటదే మామూలుకు వచ్చింది. తర్వాత ఆవిడ చెప్పిన మాటలు ఎంత తూకంగా వున్నాయంటే, లెక్కలు వేసుకుంటున్న కొడుకులిద్దరూ కాగితం పక్కన పెట్టేశారు. ముందు వాటా అద్దెకిస్తే తనకు తోడూ వుంటుంది, రాబడీ వుంటుంది. ఇల్లు తన కాలు ఆడినంతకాలం అమ్మవద్దు. ఎండాకాలం హైదరాబాదులో వుండటానికి తనకేమీ అభ్యంతరం లేదు. ఇదంతా ఎప్పుడు ఆలోచించుకుందో! మూడేళ్ళుగా ఆ ఆలోచనంతా అడుగున పేరుకుని వుంది. పైకి ఎక్కడానికే కాస్త వ్యవధి కావాల్సి వచ్చింది. కారు కూడా అమ్మలేదు. సాయంత్రం మరదలే నడుపుతూ పిన్నినీ నన్నూ కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా రేపల్లె తీసుకెళ్ళింది. మొదటి నాలుగైదుసార్లు బ్రేకులు గరగరమన్నాయి. కర్లపాలెం దాటేసరికి ఆ తుప్పు రుద్దుకుపోయి చప్పుడు లేదు. దారి పొడుగునా పిన్ని మాట్లాడుతూనే వుంది.

ఇందువల్ల ప్రతి చప్పుడునూ ముద్దుచెయ్యాలని నేను అనడం లేదు. మేస్త్రీ ఆ సంగతి కూడా చెప్పాడు. నూనె బొమ్మ వున్న ఎర్రదీపం స్టార్టవగానే ఆరిపోవాలి. ఆరకపోయినా, టకటక తగ్గకుండా లోపల్నించి దబ్‌దబ్‌మని బరువుగా కొడుతున్నా, ఆ క్షణాన ఇంజను ఆపెయ్యాలి. "కాసేపటికి అదే సర్దుకుంటుంది" అని నడిపితే వున్నదీ పోతుంది. మనుషులకూ అంతే. మొదటి మాటలోని కరకుదనం తగ్గుతుంది. నెలలు గడిచినా తిండి సయించక, నిద్ర పట్టక, మనిషి లోపల్లోపలే కొట్టుకుంటూ వుంటే అది వోర్చుకుంటే పోయేది కాదు. దానికి వైద్యుడు కావాలి. మొదటి క్షణాల మూలుగునూ, ఆగని నొప్పినీ వేరుచేసి వినడమే అసలు పని. వెంటనే తీర్పు చెప్పేవాడికీ వినపడదు, ఎప్పటికీ పట్టించుకోనివాడికీ వినపడదు.

ఇక్కడ కారుతో పోలిక ఆగిపోతుందని కూడా వొప్పుకోవాలి. వాడుకోలేని కారును వాడుకునే వాళ్ళకు ఇచ్చెయ్యవచ్చు. అది ధర్మం కూడా. షెడ్డులో తుప్పు పట్టించడం కన్నా ఎవరి పిల్లలనో బడికి చేర్చడం దానికి గౌరవం. హార్మోనియం అయినా అంతే, పుస్తకాల బీరువా అయినా అంతే. మనిషిని అలా ఇచ్చెయ్యలేం. పైగా కారుకు మన మాటలు వినిపించవు. "దీని పని అయిపోయింది" అని పక్కన నిలబడి అన్నా అది నొచ్చుకోదు. అదే మాట వంటింటి గుమ్మంలో అంటే లోపలున్న మనిషి వింటుంది. విని, మళ్ళీ మూలకు వెళ్ళిపోతుంది. రెండోసారి లేపడం మొదటిసారి కంటే కష్టం.

మన ఆడవాళ్ళలో ఇలా మూలన పెట్టినవి ఎన్ని వున్నాయో లెక్కపెట్టుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పెళ్ళితో ఆగిన పాట, పిల్లల పరీక్షలతో ఆగిన చదువు, "ఇప్పుడెందుకులే" అని మింగేసిన అభిప్రాయం. ఏ యాభయ్యో ఏటనో గొంతు విప్పితే శ్రుతి కలవదు. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. మనమూ నవ్వేసి ఆపేస్తాం. ఆ నవ్వుకు ముందు ఓ అరనిమిషం ఆగి చూస్తే ఏమవుతుందో మనలో చాలామందికి తెలియనే తెలియదు. ఇంకొకరి కోసం వోర్చుకునే వోర్పులో కాస్త మన కోసం కూడా తీసిపెట్టుకోవడం స్వార్థమని నేను అనుకోను.

మా తెనాలి మూడు కాలువల ఊరు. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగున బురద బీటలు వారుతుంది, అందులో ఊరు పారేసిన చెత్తంతా చేరుతుంది. వానాకాలం మొదట్లో పైన తలుపులెత్తి నీళ్ళు వదిలితే ముందుగా వచ్చేది నీరు కాదు. నురగా, ఎండుటాకులూ, తుక్కూ, మట్టి వాసనా. గట్టు మీద నిలబడి చూసే పెద్దవాళ్ళెవరూ ఆ తొలినీటిని చూసి కృష్ణ చెడిపోయిందని అనరు. "పోనీ, పోనీ, కొట్టుకుపోనీ" అంటారు. నాలుగు రోజులు బిందె ముంచరు, అంతే. ఆ తర్వాత అదే నీళ్ళు చేలకు పారతాయి. కాలువ తనంతట తాను ఎండలేదని వాళ్ళకు తెలుసు. తలుపులు దించింది మనిషి చెయ్యే. దించిన చెయ్యి మనదైనప్పుడు, ఎత్తిన రోజున కొట్టుకొచ్చే నాలుగు చెత్తాకులనూ వోర్చుకోవలసింది కూడా మనమే గదండీ.